అత్త చెయ్యి కోలుకున్న విధానం

ఇకమీదట మా జిల్లాలో పక్షవాతం వచ్చినవాళ్లెవరూ ప్రభుత్వానికి ముందుగా తెలియకుండా కోలుకోరని గౌరవనీయ ఆరోగ్య ఉపమంత్రి డోగ్బాట్సేగారు ప్రకటించారు. జిల్లా ఆసుపత్రి ముందు వేసిన షామియానా కింద అందరం చప్పట్లు కొట్టాం. నాకు పెళ్లయి పంతొమ్మిది రోజులు. కుర్చీలు చాలక నేనూ మా ఆయన ఎలికెమ్ ఒకే ప్లాస్టిక్ కుర్చీలో సర్దుకున్నాం. అందుచేత మంత్రిగారు ఏం చెప్పినా నాకు బాగానే ఉంది.

మేం వెళ్లింది మా ఆయన మేనత్త అక్‌పెనె కోసం. ఆవిడకి లారీ స్టాండు పక్కన చిన్న హోటలుంది. మొక్కజొన్న పిండిని తెడ్డుతో కలిపి కలిపి అక్‌ప్లె ముద్దలు చేస్తుంది. ఐదు వారాల కిందట మెదడులో రక్తం గడ్డ అడ్డుపడి కుడిచెయ్యి పడిపోయింది. మొదటి మూడు నెలల్లో వ్యాయామం చేయిస్తే మళ్లీ తెడ్డు పట్టొచ్చని, తర్వాతైతే కష్టమని ఫిజియోథెరపిస్టు సెలాసి చెప్పాడు. జిల్లా మొత్తానికి ఆయనొక్కడే. వారానికి రెండు రోజులు అత్త వంతు.

ఆ రోజు మంత్రిగారు ప్రారంభిస్తున్న కొత్త రక్తపరీక్ష యంత్రం సున్నితమైంది. దానికి ఏసీ కావాలి. ఆసుపత్రిలో ఏసీ ఉన్నది వ్యాయామాల గదిలోనే కాబట్టి ఆ గదిని దానికిచ్చారు. నడపడానికి పక్షవాతం గురించి తెలిసిన మనిషి కావాలి కాబట్టి సెలాసినీ దానికే ఇచ్చారు.

"నరాలు దెబ్బతింటే ఒక పదార్థం రక్తంలోకి జారుతుంది. దాన్నే బయోమార్కర్ అంటారు," అని మంత్రిగారు వివరించారు. "అదెంతుందో కొలిస్తే రోగి కోలుకుంటాడో లేదో తేలిపోతుంది. కోలుకునేవాళ్లకి వ్యాయామం దండగ, ఎలాగూ కోలుకుంటారు. కోలుకోనివాళ్లకీ దండగ, ఎలాగూ కోలుకోరు."

మా ఆయన లేచి నిలబడ్డాడు. "మరి వ్యాయామం ఎవరికండీ?"

"మధ్యలో ఉన్నవాళ్లకి."

"వాళ్లెంతమంది?"

"ఎవరూ లేరు. మధ్యలో ఉండటం మా ప్రభుత్వ విధానం కాదు."

పక్కనే ఉన్న ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ మెల్లిగా అంది, "అయ్యా, ఆ అంచనా వ్యాయామం చేయిస్తేనే..."

"సాంకేతిక వివరాలు తర్వాత డాక్టరమ్మా," అన్నారాయన, మైకు మూసి.

మొదటి పరీక్ష అత్తకే. కోలుకునే అవకాశం నూటికి తొంభై ఒకటని వచ్చింది.

"కంగ్రాచ్యులేషన్స్ అమ్మా, కోలుకున్నారు!" అన్నారు మంత్రిగారు.

"చెయ్యి లేవట్లేదు నాయనా."

"లేస్తుందని రిపోర్టులో ఉందిగా."

"అయితే రిపోర్టుతో పిండి కలుపుకోనా?"

జనం నవ్వారు. మంత్రిగారు అందరికంటే గట్టిగా నవ్వి, ఫొటో కోసం చెయ్యి చాచారు.

మా దగ్గర ఎడమచెయ్యి ఇవ్వడం తిట్టడంతో సమానం. తప్పనప్పుడు ముందుగా మన్నింపు అడగాలి. అత్త పద్ధతిగా ఎడమచెయ్యి చాచి, "ఎడమ చెయ్యి బాబూ, మన్నించు," అంది. ఆనవాయితీ ప్రకారం "అదీ చెయ్యే కదమ్మా," అని బదులివ్వడానికి మంత్రిగారు నోరు తెరిచారు కూడా. ప్రోటోకాల్ అధికారి పరుగున వచ్చి చెవిలో చెప్పాడు, "ఫొటోలో మాటలు వినబడవు సార్. ఆవిడ మిమ్మల్ని తిట్టినట్టే ఉంటుంది."

ఆ అధికారి సమర్థుడు. అత్త కుర్చీ వెనక గొంతుక్కూర్చుని, ఆవిడ పైబట్ట కిందినుంచి తన కుడిచెయ్యి బయటికి పెట్టాడు. మంత్రిగారు దాన్ని ఆప్యాయంగా ఊపారు.

"పట్టు గట్టిగానే ఉందే!"

"ఉండదా మరి, కుర్రాడి చెయ్యి!" అంది అత్త.

మర్నాడు పత్రికలో మొదటి పేజీ నిండా అదే ఫొటో. అత్త చేతికి వాచీ ఉంది, మణికట్టు నిండా వెంట్రుకలున్నాయి. 'యంత్రం చెప్పింది, చెయ్యి లేచింది' అని శీర్షిక. మధ్యాహ్నానికల్లా వ్యాయామాల జాబితాలో అత్త పేరు కొట్టేశారు.

అత్తతో కలిసి ఆసుపత్రికి వెళ్లాం. గుమస్తా పత్రిక చూపించాడు. "ఇంత గట్టిగా పట్టుకుని, ఇక్కడికొచ్చి నాటకాలా?"

"అది నా చెయ్యి కాదయ్యా."

"అయితే ఆ మాటే అర్జీ రాసివ్వండి. సంతకం మాత్రం కుడిచేత్తో పెట్టాలి. ఎడమచేతిది చెల్లదు."

చివరికి సెలాసి సాయంత్రం నాలుగింటికి డ్యూటీ దిగి హోటలుకే రావడం మొదలుపెట్టాడు. ఫీజు ఒక ప్లేటు అక్‌ప్లె, వేయించిన చేప. వారంలో జాబితాలోంచి కొట్టేసినవాళ్లందరూ పెరట్లో బెంచీల మీద చేరారు. బాగున్న చేత్తో పడిపోయిన చేతిని పట్టి వాళ్లు పిండిముద్దలు పిసుకుతుంటే నేను పది దాకా లెక్కపెడతాను. ఎలికెమ్ కావాలనే ఏడు దగ్గర ఆపించి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టిస్తాడు. తొమ్మిదో రోజున అత్త బొటనవేలు కదిలింది. నేను అరిచిన అరుపుకి స్టాండులో లారీ డ్రైవర్లు లేచి నిలబడ్డారు.

పదో రోజున తెరలు కట్టిన ప్రభుత్వ కారొకటి పెరటి గుమ్మం ముందు ఆగింది. డ్రైవరు ఒక ముసలావిడని జాగ్రత్తగా దింపాడు. ఆవిడ కుడిచెయ్యి వేలాడుతోంది. మంత్రిగారి తల్లి. సెలాసి కంగారుగా లేచాడు.

"పరీక్ష రిపోర్టు తెచ్చారా?"

"లేదండీ. అమ్మగారిని ఆ యంత్రం దరిదాపులకి పోనివ్వద్దని సార్ మరీ మరీ చెప్పారు," అన్నాడు డ్రైవరు. "ఎక్కడ కూర్చోబెట్టమంటారు?"

"ఆ చివర," అంది అత్త, ముద్ద పిసకడం ఆపకుండా. "ఆవిడ వంతు నా తర్వాత."