కిన్నెర ఈకల మీద మహాసభ

ఒక పెద్ద అడవిలో ప్రతిదానికీ ఒక సంఘం ఉండేది. నీడ పంచడానికి ఒకటి, వాగులో నీళ్ళు తాగే వరసలు చూడ్డానికి ఒకటి. వీటన్నిటి మీదా మహాసభ, దానికి అధ్యక్షుడు పెద్దిరాజు అనే ఏనుగు. చివర ఎవరు మాట్లాడితే వాళ్ళదే నిజమని నమ్మే మెత్తటి మనసు ఆయనది. అందుకని సభలో అందరూ చివరే మాట్లాడాలని చూసేవాళ్ళు. అందుకనే సభ ఒక పట్టాన ముగిసేది కాదు.

ఆ అడవిలో కిన్నెర అనే పికిలిపిట్ట పాటలు పాడేది. తన గూడు తానే కట్టుకుని, తన పాటలు తానే కట్టుకుని బతికే పిట్ట. పొద్దున్నే వాగు ఒడ్డున ఆమె గొంతెత్తితే నీళ్ళకొచ్చిన దున్నలు తోకలు ఆడించడం కూడా ఆపేసేవి. ఆమె పాటకి డోలు వాయించేది వీరాస్వామి అనే ముసలి వడ్రంగిపిట్ట. ఎండిపోయిన మద్దిమాను మీద ముక్కుతో దరువు వేసేవాడు. కిన్నెర అతన్ని బాబాయ్ అని పిలిచేది.

ఒకనాడు ముంగిస ముకుందం ఆమె దగ్గరికి వచ్చాడు. దారి పక్కనున్న పెద్ద బండ ముకుందానిది. కచేరీ అయినా, పెళ్ళయినా, ఎవరి దూడైనా తప్పిపోయినా, ఆ బండ మీద బొమ్మ పడితేనే అడవికి తెలిసేది. బొమ్మలు గీసేది జాంబయ్య అనే ఎలుగుబంటి. బెరడు ముక్కల మీద బొగ్గుతో, ఎర్రమట్టితో గీసి వేలాడదీసేవాడు.

"నీ గొంతు అడవంతా విన్నదమ్మా. ఇక నిన్ను చూడాలి," అన్నాడు ముకుందం.

"వాగు దగ్గరికొస్తే కనిపిస్తాను కదండీ."

"అలా కాదు. భుజం మీద రెండు ఈకలు తీసేసి, మెడ కాస్త పక్కకి తిప్పి... కొత్తగా ఉంటుంది. ధైర్యంగా ఉంటుంది."

కిన్నెరకి నవ్వొచ్చింది. నీళ్ళలో చూసుకుంటూ భుజం మీది ఈకని పక్కకి నొక్కి చూసుకుంది. బాగానే ఉందనిపించింది.

"సరే. ఒక్క ఈక. అదీ నేనే తీస్తాను," అంది.

బొమ్మ చక్కగా వచ్చింది. కిన్నెరకీ నచ్చింది. ఆ వారం కచేరీకి కొండ అవతలి కుందేళ్ళు కూడా వచ్చాయి.

ముకుందం మళ్ళీ వచ్చాడు. "ఈసారి మెడ కిందివి కూడా తీసేద్దాం."

"చలికాలం వస్తోందండీ."

"చూసేవాళ్ళకి చలేముంటుందమ్మా?"

"వద్దంటే?"

"వద్దంటే వద్దు. నీ ఇష్టం, నీ స్వేచ్ఛ. కాకపోతే నీ కచేరీకి బండ మీద చోటుండదు. గోరువంకలు పాపం ఎప్పట్నుంచో అడుగుతున్నాయి."

బండ మీద బొమ్మ లేకపోతే వినడానికి ఎవరూ రారు. కిన్నెర ఆ సాయంత్రమంతా కొమ్మ మీద కూర్చుని, చివరికి మెడ కింది ఈకలు ఒక్కొక్కటీ పీక్కుంది. నొప్పి పుట్టింది. ఎవరితోనూ అనలేదు.

ఆ తర్వాత ముకుందం రావడం మానేశాడు. రావాల్సిన పనేముంది? ఒకరోజు బండ మీదుగా ఎగురుతూ కిన్నెర కిందికి చూసింది. అక్కడ ఒంటి మీద ఒక్క ఈకైనా లేకుండా ఆమె బొమ్మ వేలాడుతోంది. ఆ బొమ్మ గీయించుకోవడానికి ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. దాని ముందు నిలబడ్డ జనం మాత్రం ఆమె ఎప్పుడూ చూడనంత మంది.

ఆ వారం కచేరీ కూడా కిటకిటలాడింది. కిన్నెర పాడుతోంది. ఎదురుగా ఉన్న వందల కళ్ళు ఆమె మెడ కిందే తిరుగుతున్నాయి. ఆమెకి ఒక ఆలోచన వచ్చింది. పాట మధ్యలో రెండో చరణం ఎగ్గొట్టి సూటిగా మూడో చరణంలోకి పోయింది. ఎవరూ కదల్లేదు. పాటయ్యాక అందరూ గట్టిగా అరిచి మెచ్చుకున్నారు.

"అమ్మాయ్, రెండో చరణం మర్చిపోయావు," అన్నాడు వీరాస్వామి, అందరూ వెళ్ళాక.

"మర్చిపోలేదు బాబాయ్. ఎవరైనా అడుగుతారేమోనని చూశాను."

వీరాస్వామి మాను వైపు తిరిగి, ఆ రెండో చరణం దరువు ఒక్కసారి వేశాడు.

చలిగాలి మొదలైంది. కిన్నెరకి గొంతు బొంగురుపోయింది. గాలికి ఎదురెగరడం కష్టమై వాగు అవతలి కచేరీ ఒకటి మానుకుంది. ఈలోగా బండ మీదికెక్కాలని గోరువంకలూ, జీనువాయి పిట్టలూ కూడా ఈకలు పీక్కోవడం మొదలుపెట్టాయి. ఏ కొమ్మ చూసినా ఎవరో ఒకరు వణుకుతున్నారు. విషయం మహాసభకెక్కింది.

ముందు లేచినవాడు శాంతమూర్తి అనే కొంగ. సంప్రదాయ రక్షణ సంఘం ఆయనదే.

"అడవి పాడైపోతోంది!" అన్నాడు ఒంటికాలి మీద నిలబడి. "ఆ బొమ్మలు రోజూ పొద్దున్నే వెళ్ళి చూస్తున్నాను. రోజురోజుకీ పాడైపోతోంది!"

"రోజూ ఎందుకు చూస్తున్నారండీ?" అంది వెనకనుంచి ఒక ఉడుత.

"ఎంతవరకు పాడైందో తెలియొద్దూ?"

తర్వాత లేచింది ప్రగతి అనే ముళ్ళపంది. కొత్త భావాలన్నీ అడవికి ఆమె ద్వారానే వచ్చేవి. "ఇది సాధికారత!" అంది, ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని. "తరతరాలుగా ఈకల బరువు మోసిన ఆడపిట్ట ఇవాళ ఆ బరువు దించుకుంది. దించుకోవద్దనడానికి ఈ కొంగ ఎవరు?"

"నిజమే," అన్నాడు పెద్దిరాజు. "మరి నువ్వు ముళ్ళు దించుకోలేదేం ప్రగతమ్మా?"

"నా సాధికారత ముళ్ళలో ఉందండీ. ఒక్కొక్కరికి ఒక్కో చోట ఉంటుంది."

"అదీ నిజమే," అన్నాడు పెద్దిరాజు.

చివరి కొమ్మ మీద కూర్చున్న కిన్నెర రెక్క ఎత్తింది. "అయ్యా, నేనొక్క మాట..."

"కూర్చోమ్మా," అన్నాడు పెద్దిరాజు ఎంతో ఆప్యాయంగా. "ఎవరి గురించి చర్చ జరుగుతోందో వాళ్ళు మాట్లాడకూడదని నియమం. నువ్వు విషయానివి, వక్తవి కావు."

"అవి నా ఈకలండీ."

"అందుకేనమ్మా."

చర్చ చాలా రోజులు సాగింది. ఈకలు స్వేచ్ఛా, సంకెళ్ళా అని ఒక పూట. కిన్నెర ధైర్యవంతురాలా, సిగ్గులేనిదా అని ఒక పూట. చివరికి అందరికీ నచ్చే తీర్మానం ఒకటి దొరికింది. కిన్నెర బొమ్మలు సాధికారతే. అయితే సంప్రదాయం కూడా నిలబడాలి కాబట్టి ప్రతి బొమ్మ మీదా ఒక మోదుగాకు తెరలాగా వేలాడదీయాలి. అధ్యయనం చేయదలచినవాళ్ళు ఆకు ఎత్తి చూడవచ్చు.

మర్నాటి నుంచి అడవిలో అధ్యయనం మీద ఎక్కడలేని ఆసక్తి పుట్టింది. అంతకుముందు దారిన పోతూ ఓ చూపు చూసిపోయేవాళ్ళు, ఇప్పుడు వరసలో నిలబడి ఆకు ఎత్తి చూడసాగారు. కొత్తగా పెట్టిన అధ్యయన సంఘానికి శాంతమూర్తినే పెద్దగా వేశారు కాబట్టి ఆయన వరసలో అందరికన్నా ముందుండేవాడు. ముకుందం మహాసభకి పూలదండ పంపాడు.

కిన్నెర జాంబయ్య దగ్గరికి వెళ్ళింది. అతను చెట్టు మొదట్లో కూర్చుని ఎర్రమట్టి నూరుతున్నాడు. పాపం, చెడ్డవాడు కాదు. తేనె ఇస్తామంటే ఏదైనా గీసేవాడు.

"మావయ్యా, ఆ బొమ్మకి నేను కూర్చోలేదు కదా. ఎలా గీశావు?"

"ఊహించి గీశానమ్మా. నిన్ను పిలవక్కర్లేదు, ఊహ చాలన్నాడు ముకుందం."

"ఎవరినైనా అలా ఊహించగలవా?"

జాంబయ్యకి పౌరుషం వచ్చింది. "ఎవరినైనా!"

"అయితే ఇంకో మాట అడుగుతాను. ఇలాంటి బొమ్మ ఉండటం సాధికారత అని మహాసభే తేల్చింది కదా. ఆ గౌరవం నా ఒక్కదానికేనా? ఇంత కష్టపడి తేల్చిన పెద్దలకి అక్కర్లేదా?"

జాంబయ్య నూరడం ఆపాడు. "నిజమేనమ్మా. నాకు తట్టనే లేదు."

పండగ దగ్గర పడుతోంది. బండ మీదికి కొత్త బొమ్మలు కావాలని ముకుందం తొందర పెడుతున్నాడు. జాంబయ్య తెచ్చిన బొమ్మలు చూసి అతను మొదట అదిరిపడ్డాడు. తర్వాత జనం ఎంతమంది వస్తారో ఊహించుకున్నాడు. తీర్మానం ప్రకారం ఒక్కోదాని మీదా ఒక్కో మోదుగాకు పద్ధతిగా వేలాడదీశాడు.

మర్నాడు పొద్దున్నే శాంతమూర్తి అధ్యయనానికి వచ్చాడు. వెనక పెద్ద వరస ఉంది. ఆయన గొంతు సవరించుకుని, ముఖం గంభీరంగా పెట్టి, ముక్కుతో ఆకు ఎత్తాడు.

లోపల ఒక్క ఈకైనా లేని శాంతమూర్తి ఉన్నాడు. సన్నటి కాళ్ళు, వేలాడే మెడ, ఆ మెడలో వరసగా ఉబ్బిన చేపలు. ఉపవాసాల మీద ఆయన ఉపన్యాసం ఇచ్చింది ముందురోజే.

"తర్వాత మేము చూడాలి, జరగండి!" అన్నారు వెనకనుంచి.

శాంతమూర్తి రెండు రెక్కలూ చాపి బొమ్మకి అడ్డం నిలబడ్డాడు. ఈలోగా పక్క ఆకులు లేచాయి. ముళ్ళు లేని ప్రగతిని చూసి ఎవరో "ఈ పందికొక్కు ఎవరు?" అని అడిగారు. ఆ చివర పెద్దిరాజు బురదలో వెల్లకిలా పడుకుని, నాలుగు కాళ్ళూ ఆకాశంలోకి పెట్టుకుని కనిపించాడు. అడవి నవ్వింది. కొండ అవతలికి వినిపించేలా నవ్వింది.

మధ్యాహ్నానికి మహాసభ కూడింది. అన్నేళ్ళలో ఎవరూ ఆలస్యంగా రాని సభ అదొక్కటే.

"నన్ను అడగలేదు!" అన్నాడు పెద్దిరాజు, తొండం పైకెత్తి. "నన్నెవరూ అడగలేదు! నేను అలా పడుకోలేదు! పడుకున్నా, అది నా బురద!"

ముకుందం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అపచారం ఏముందండీ? మీ ధైర్యానికి ఇది గౌరవం. ప్రగతమ్మగారు చెప్పిన మాటే కదా."

"ధైర్యం నేను చూపిస్తే నాది!" అని అరిచింది ప్రగతి. "ఎవరో నా ముళ్ళు పీకేసి గీస్తే నా ధైర్యం ఎలా అవుతుంది?"

శాంతమూర్తి లేచాడు. సరిగ్గా అప్పుడే కిన్నెర చివరి కొమ్మ మీదినుంచి ముందు కొమ్మ మీదికి వచ్చింది.

"అయ్యా, ఎవరి గురించి చర్చో వాళ్ళు మాట్లాడకూడదు కదండీ," అంది. "ఇవాళ విషయం మీరంతా. మాట్లాడటానికి ఇక నేనే మిగిలాను."

పెద్దిరాజు అటూ ఇటూ చూశాడు. నియమం నియమమే. కూర్చున్నాడు.

కిన్నెర గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. వినాలంటే సభ నిశ్శబ్దంగా ఉండాల్సి వచ్చింది.

"మొదటి బొమ్మ నాది. ఆ ఈక నేనే తీశాను, నాకు నచ్చింది. శాంతమూర్తిగారూ, మీరు సిగ్గుపడమన్నా దానికి నేను సిగ్గుపడను. రెండోదానికి ఒప్పుకున్నాను. ఒప్పుకోకపోతే పాటే ఉండదని చెప్పాక ఒప్పుకున్నాను. ప్రగతమ్మా, దాన్ని నా ధైర్యం అని పొగడకండి. ఆ తర్వాతి బొమ్మ గీసినప్పుడు నేనక్కడ లేనే లేను. మీరు అన్నిటినీ ఒకే మూట కట్టి, మంచిదా చెడ్డదా అని ఇన్ని రోజులు కొట్టుకున్నారు. చలి వేస్తోందా అమ్మా అని ఒక్కరూ అడగలేదు."

వెనక వీరాస్వామి మాను మీద మెల్లగా ఒక దెబ్బ వేశాడు, పాట ముగిసినప్పుడు వేసినట్టు.

ఇన్ని రోజులు తెగని విషయం ఆ పూట పొద్దు వాలకముందే తెగింది. ఎవరి బొమ్మయినా వాళ్ళని అడిగి, వాళ్ళు చెప్పినట్టే గీయాలి. వద్దన్నవాళ్ళ కచేరీకి బండ మీద చోటు లేదనకూడదు. అందరూ ఒప్పుకున్నారు. సంప్రదాయం గెలిచిందని శాంతమూర్తి, స్వేచ్ఛ గెలిచిందని ప్రగతి ఎవరి సంఘంలో వాళ్ళు పండగ చేసుకున్నారు. ఆ చట్టం తన ముందుచూపు అని పెద్దిరాజు ఇప్పటికీ చెబుతుంటాడు.

కిన్నెరకి వసంతానికల్లా ఈకలన్నీ వచ్చేశాయి. గొంతు తేటపడింది. ముకుందం వచ్చి, ఈసారి కొంచెం దూరంగా నిలబడి, "కచేరీ బొమ్మ ఎలా ఉండాలమ్మా?" అని అడిగాడు.

"ముక్కు తెరిచి పాడుతున్నట్టు గీయించండి."

"అంతేనా?"

"అంతే."

జాంబయ్య ఆ బొమ్మకి చాలా అవస్థ పడ్డాడు. ఎన్ని బెరళ్ళు పాడుచేసినా ముక్కు కుదరలేదు. ఇన్నాళ్ళలో దాన్ని అతను ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు మరి.

నీతి: ఒక ఆడపిట్టకు జరిగింది అన్యాయమో కాదో పెద్దలు త్వరగా తేల్చాలంటే, ముందుగా అది పెద్దలకు జరగాలి.