ఒకటి కలుపుకోండి

పదకొండింటికల్లా పాత కంప్యూటరుకు దండం పెట్టేసి, కొత్త ప్రోగ్రాంతో సరుకు బయటికి తీసే తొలి చీటీ ఇవ్వాలని అనూష పొద్దున్నే తీర్మానించుకుంది. పర్చూరు దారిలో రాజేశ్వరి గారి మిర్చి కోల్డ్ స్టోరేజీలో చేరి ఆరు నెలలైంది. పనిలో ఉంచుకునేదీ లేనిదీ మేడం ఈరోజే తేలుస్తానన్నారు. ప్రోగ్రాం నడిస్తే ఉద్యోగం ఉంటుంది. లేకపోతే ఇంటికెళ్లే పొదిలి బస్సు మధ్యాహ్నం రెండింటికి ఉంది.

పాత ప్రోగ్రాం, ఎప్పుడో రిటైరై చీరాల వెళ్లిపోయిన ఖాజావలి గారు రాసింది. ఆ కంప్యూటరు పెన్‌డ్రైవు వైపు కన్నెత్తి చూడదు. అందుకని తెర మీది ఫాక్స్‌ప్రో అనే పాత కంప్యూటరు భాష లైన్లన్నీ అనూష నోట్‌బుక్కులో ఎడమ పేజీకి ఎక్కించి, కుడి పేజీలో ఒక్కొక్కటే పైథాన్ అనే కొత్త భాషలోకి తిరగరాసింది. నాలుగు నోట్‌బుక్కులు నిండాయి. రెండువందల పన్నెండో లైను దగ్గర మాత్రం ఆగింది. చీటీ మీద వరుస నంబరు వేసేముందు అందులోంచి ఒకటి తీసేస్తున్నారు. ఐదో వరుసలో ఉన్న బస్తాలకు చీటీలో నాలుగని పడుతోంది. పెద్దాయన తప్పు దొరికిందని లోలోపల మురిసిపోయి ఆ తీసివేత కొట్టేసింది. ఎవరికీ చెప్పలేదు.

తొలి చీటీ రైతు గురవయ్యది. ఐదో వరుస, నలభై బస్తాల తేజా మిర్చి. గుంటూరు యార్డుకు వెళ్లాల్సిన లారీ గుమ్మంలోనే ఉంది. హమాలీల మేస్త్రీ బుల్లయ్య చీటీ చూసి, "లాభం, రెండు, మూడు" అని ఒకటికి బదులు లాభంతో మొదలెట్టి వరుసలు లెక్కపెడుతూ లోపలికి వెళ్లాడు. గంటలో సరుకు లారీ ఎక్కింది. గురవయ్య ఒక బస్తా కుట్టు విప్పాడు.

"ఏంటయ్యా ఇది? నాది తేజా. ఇవి బాడిగ రకం కాయలు."

"చీటీ ప్రకారమే తెచ్చామండీ," అన్నాడు బుల్లయ్య.

"మొదటి చీటీకే ఇట్లా అయితే ఎట్లా అనూషా?" అన్నారు రాజేశ్వరి గారు.

అనూష చీటీ తీసి చూస్తే ఐదనే ఉంది. పక్కకు వెళ్లి ఖాజావలి గారికి ఫోన్ చేసింది.

"సార్, వరుస నంబర్లోంచి ఒకటి ఎందుకు తీశారు?"

"అది నా పొరపాటేనమ్మా. రెండ్రోజుల్లో సరిచేస్తాను, అప్పటిదాకా చీటీలో ఉన్నదానికి ఒకటి కలుపుకోండని బుల్లయ్యకి చెప్పాను."

"ఎప్పుడు సార్?"

"రెండువేల రెండులో."

హమాలీలు ఆనాటి నుంచీ కిమ్మనకుండా ఒకటి కలుపుతూనే ఉన్నారు. అనూష సరిచేసిన ఐదుకూ కలిపి ఆరో వరుసకు వెళ్లారు. ఆమె గుట్టుచప్పుడు కాకుండా పాత తప్పును మళ్లీ పెట్టి, నాలుగని కొత్త చీటీ తీసి పంపింది.

ఈలోగా గుమ్మం దగ్గర జరిగింది ఆమెకు తర్వాత తెలిసింది. ఆమె ముఖం చూసి బుల్లయ్యకు జాలేసింది.

"కొత్త మిషను సరిగ్గానే చెబుతున్నట్టుందిరా. మనం కలిపితే ఆ పిల్ల ఉద్యోగం పోద్ది. ఇక చీటీలో ఎంతుంటే అంతే," అని మనుషులకు గట్టిగా చెప్పాడు.

బాడిగ బస్తాలు దిగాయి. నాలుగో వరుస సరుకు ఎక్కింది. గురవయ్య మళ్లీ కుట్టు విప్పితే రంగు పోయిన తాలు కాయలు కనిపించాయి.

"బాగుందమ్మా. నా కాయలకు అటుపక్కవీ వచ్చాయి, ఇటుపక్కవీ వచ్చాయి. మధ్యలో నావి ఎప్పుడొస్తాయి?"

రాజేశ్వరి గారు అనూషనూ బుల్లయ్యనూ పిలిచి నిలబెట్టారు. ఇద్దరూ నిజం ఒప్పుకున్నారు. ఆవిడ తల పట్టుకున్నారు.

"ఇద్దరూ ఒకేసారి దిద్దుకుంటే నేనేం కావాలి? ఎవరో ఒకళ్లు తప్పుగానే ఉండండి."

"మావాళ్లకి ఇరవై ఏళ్ల అలవాటండీ," అన్నాడు బుల్లయ్య. "వద్దంటే సగం మంది కలుపుతారు, సగం మంది కలపరు."

"అయితే కంప్యూటరే తప్పు చేస్తుందండీ. అదైతే చెప్పినట్టు వింటుంది," అంది అనూష బెరుగ్గా.

అదే చీటీతో బుల్లయ్య ఒకటి కలుపుకుని ఐదో వరుసకు వెళ్లాడు. ఈసారి కుట్టు విప్పగానే ఘాటుకు గురవయ్య నాలుగు తుమ్ములు తుమ్మి, నావేనన్నాడు.

"ఉన్న తప్పును ఉన్నట్టు దించే మనిషే నాకు కావాలి. ఉండిపో," అన్నారు రాజేశ్వరి గారు.

పొదిలి బస్సు వెళ్లిపోయింది. అనూష తన ప్రోగ్రాంలో ఆ లైను తెరిచి, తర్వాత వచ్చేవాళ్ల కోసం పైన ఒక ముక్క రాసింది: "తాత్కాలికం. రెండ్రోజుల్లో సరిచేయాలి."