నన్నే సాహెబు నెమలి కిటికీ

శనివారం పొద్దున వసంతమ్మ పెట్టుకున్న పనులు మూడే. పొంగలి దించడం, ఇల్లంతా సాంబ్రాణి పొగ వేయడం, తొమ్మిదింటికల్లా భర్త సుబ్రమణ్యాన్ని కూరగాయలకు తరమడం. తిరుపతిలో అంతకంటే మామూలు శనివారం ఉండదు.

మామూలుగా లేనిది ఇల్లే. పక్క వీధిలో దొంగలు పడ్డారని తెలిసిన నెలలోపే సుబ్రమణ్యం వెనక తలుపును ఇటుకలతో మూయించి, కిటికీలన్నిటికీ బొటనవేలంత కడ్డీలు బిగించి, ముందర గుమ్మానికే ఇనుప గేటు పెట్టించాడు. గేటు తాళాన్ని ఎవడూ సుత్తితో కొట్టకుండా దానికో ఇనుప డబ్బా. పని చేసింది రేణిగుంట నన్నే సాహెబు. ఆయన చేతిలో ఇనుము చెప్పిన మాట వింటుంది. కడ్డీల మధ్య ఆయన వంచిన నెమళ్ళను చూడటానికి దారినపోయేవాళ్ళు బండ్లు ఆపేవారు.

"ఒక్క కిటికీ అన్నా లోపలినించి తెరుచుకునేట్టు పెడతా సార్. నిప్పంటుకుంటే యాడినించి వస్తారు బయటికి?" అని ఆయన ముందే అడిగాడు.

"నిప్పు ఎప్పుడో వస్తాదప్పా. దొంగ ఎప్పుడైనా వస్తాడు," అన్నాడు సుబ్రమణ్యం. ముప్పై ఏళ్ళలో ఆ ఇంటికి రెండూ రాలేదు.

సుబ్రమణ్యం టీకి వెళ్ళినప్పుడు వసంతమ్మ నన్నే సాహెబుకు మజ్జిగ ఇచ్చి, గొంతు తగ్గించి రెండు మాటలు చెప్పింది. పడకగది నెమలి మిగతా వాటికంటే ఒక రోజు ఆలస్యంగా వచ్చింది. సుబ్రమణ్యం దాన్ని రెండు చేతులా పట్టి గుంజి, "కదల్లే సూడు!" అని మురిసిపోయాడు. వసంతమ్మ కూడా మురిసిపోయింది, వేరే కారణానికి.

ఆ శనివారం తెల్లవారుజామునే ఆమె తమ్ముడు మునిశేఖర్ గేటు దగ్గర నిలబడ్డాడు. "అక్కా, కొండకి పోతాండా. ముడుపు ఇయ్యి." భర్త స్నానంలో ఉన్నాడు, గేటుకు తాళం ఉంది. ఆమె పూజగదిలోని పసుపుగుడ్డ మూటను కడ్డీల సందులోంచే అందించింది. మూట బరువుగా ఉంది. ఈయనకు భక్తి పెరిగిందనుకుంది.

ఎనిమిదిన్నరకు సుబ్రమణ్యం సంచి పట్టుకుని పూజగదిలోకి వెళ్ళి, ఖాళీ సంచితోనే వచ్చాడు.

"ముడుపు యాడ?"

"మునిశేఖర్ ఎత్తుకపోయినాడు. ఈపాటికి స్వామి హుండీలో పడింటాది."

ఆయన హాల్లో దివాను మీద కూలబడ్డాడు. "గేటు తాళంచెవి దాంట్లో ఉండాది."

"రెండోది?"

"అదీ దాంట్లోనే. స్వామి ముడుపు ఏ దొంగన్నా ముట్టుకుంటాడా?"

ఆ తర్కంలో తప్పు పట్టడానికేమీ లేదు. దొంగ ముట్టుకోలేదు.

మునిశేఖర్ ఫోను కొండమీద కౌంటర్లో పెట్టినట్టుంది, మోగలేదు. వసంతమ్మకు పడకగది కిటికీ గుర్తొచ్చింది. కానీ ఇప్పుడు చెబితే సాయంత్రానికల్లా ఈయన దానికి వెల్డింగ్ పెట్టిస్తాడు. అందుకని నోరు మూసుకుని సాంబ్రాణి ధూపం పట్టుకొచ్చి స్టూలు మీద పెట్టింది. అటూ ఇటూ తిరుగుతున్న సుబ్రమణ్యం మోకాలు ఆ స్టూలుకే తగలాలా? నిప్పులు దివాను మీది బూరుగుదూది పరుపులో పడ్డాయి.

రెండు చెంబుల నీళ్ళు పోసినా దూది లోలోపల రగులుతూనే ఉంది. హాలంతా తెల్లటి పొగ కమ్మేసింది.

"వసంతక్కా, సాంబ్రాణి శానా ఎక్కువైంది!" అని ప్రహరీ అవతలినుంచి పక్కింటి వరలక్ష్మమ్మ అరిచింది.

విషయం తెలిసి వీధి వీధంతా వచ్చింది. ఎదురింటి ధనంజయ కిటికీ కడ్డీలు పట్టి ఎంత లాగినా రాలేదు. "బలే గట్టిగా ఉండాయబ్బా! ఎవురు చేసినారు?"

"నన్నే సాహెబు," అన్నాడు లోపలినుంచి సుబ్రమణ్యం, దగ్గుతూ, కాస్త గర్వంగా. ఆ పేరు నోట్లోంచి రాగానే ఫోను గుర్తొచ్చింది. "సాహెబూ! కట్టర్ తీసుకొని పరిగెత్తి రాప్పా!"

"నా పని కోయాలంటే గంట పడతాది సార్," అన్నాడు నన్నే సాహెబు. "అమ్మ పక్కన ఉండారా? నెమలి మెడ తిప్పమనండి."

వసంతమ్మ అప్పటికే భర్త చెయ్యి పట్టి పడకగదిలోకి లాక్కెళ్ళింది. నెమలి మెడను ఎడమకు తిప్పి, కడ్డీలను ఒక్క తోపు తోసింది. చట్రం మొత్తం తలుపులా తెరుచుకుంది. కిర్రుమని కూడా అనలేదు. తొంభై కిలోల సుబ్రమణ్యం ముందు, చీర కుచ్చిళ్ళు దోపుకుని ఆమె వెనక, కనకాంబరం మొక్కల్లోకి దిగారు. ధనంజయ హాలు కడ్డీల సందులోంచి రబ్బరు పైపు దూర్చి పరుపును చల్లార్చాడు.

"నాకెందుకు చెప్పలే?" అన్నాడు సుబ్రమణ్యం ఊపిరి తీసుకుని.

"చెప్పింటే ఉంచింటారా?"

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. "ఉంచను."

అంతలో నన్నే సాహెబు కట్టర్‌తో దిగాడు. సుబ్రమణ్యం ఆయన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇప్పుడు మూయించేస్తాడేమోనని వసంతమ్మ వెంటే వెళ్ళింది. ఆయన మాత్రం నెమలి మెడను నాలుగుసార్లు తిప్పి చూసి, బయటినుంచి చెయ్యి దూర్చి, గదిలోకి వంగి ఉన్న దాని మెడ అందకపోయేసరికి నోరు తెరిచాడు.

"అబ్బా! దొంగకి అందదు, మాకు అందుతాది. మిగిలిన నెమళ్ళకీ ఇట్లే పెట్టప్పా."

"అమ్మ చెప్పిన కొలత సార్," అన్నాడు నన్నే సాహెబు. "నాది చెయ్యి మాత్రమే."

మధ్యాహ్నం మునిశేఖర్ ఫోను చేశాడు. "అక్కా, ముడుపు ఏసేసినా. గల్లుమనింది!"

గేటును మరునాడు కోయించారు. ఆ తాళంచెవులకు అంతకంటే భద్రమైన చోటు ఉందని మాత్రం సుబ్రమణ్యం ఇప్పటికీ ఒప్పుకోడు.