ఆకాశంలో ఆందోళన

ఆ రోజు పొద్దున్న వేసుకున్న పథకంలో పెద్ద విశేషమేమీ లేదు. దంపతులిద్దరూ విమానమెక్కాలి, దిగాలి. మధ్యాహ్నం బస్సు కార్మికుల మహాసభలో సంఘం ప్రెసిడెంటుగారు ప్రారంభోపన్యాసం చెయ్యాలి, ఆయన భార్య ఆ పూటకి అక్కగారింట్లో ఉండాలి. బీపీ మాత్ర వేసుకుంటే ఆయన పదే పదే బాత్రూముకి లేవాల్సి వస్తుంది గనక, దిగాక వేసుకోమని భార్య నెమ్మదిగా చెప్పింది. వేళ తప్పించడం తన రక్తంలో లేదంటూ ఆయన మాత్రని చెంబుడు నీళ్లతో మింగేశారు. అది చాలనట్టు విమానాశ్రయంలో పెద్ద గ్లాసు కాఫీ కూడా తాగారు.

విమానం పైకెగిరి బెల్టుల దీపం ఆరేసరికి మాత్ర పని మొదలుపెట్టింది. ఆయన వెనక్కి తిరిగి చూశారు. తోక దగ్గరున్న రెండు మరుగుదొడ్లలో ఒకటి పాడైందని మూసేశారు. రెండోదాని ముందు జనం బారులు తీరి ఉన్నారు. వాళ్లకీ ఆయనకీ మధ్య భోజనాల బండి దారికడ్డంగా నిలబడింది. ముందుకి చూస్తే నాలుగడుగుల్లో తెర, తెర సందులోంచి అక్కడి మరుగుదొడ్డి ఖాళీ అని చెప్పే ఆకుపచ్చ దీపం.

ఆయన లేచి తెర తొలగించారు. ఎయిర్ హోస్టెస్ చిరునవ్వుతోనే అడ్డం వచ్చింది.

"లోపల ఎవరున్నారమ్మా?"

"ఎవరూ లేరండి."

"మరి ఎవరి కోసం కాపలా?"

"ముందు తరగతి ప్యాసింజర్ల కోసమండి. మీది వెనక ఉంది."

ముందు తరగతిలో ఉన్నది ఒకే ఒక్క పెద్దమనిషి. కళ్లకి గంతలు కట్టుకుని, కాళ్లు బారజాపి గురక పెడుతున్నాడు. ప్రెసిడెంటుగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. నిజమే మరి, ఎక్కదా? నిద్రపోతున్న ఒక్కడికి ఒక గదట, మేలుకుని అల్లాడుతున్న విమానమంతటికీ ఇంకో గదట. డబ్బు ఎక్కువిస్తే సీటు వెడల్పవుతుంది, ఒప్పుకుందాం. ఒంటి అవసరం కూడా వెడల్పవుతుందా?

ఇంకొకరైతే ఓసారి బతిమాలి ఊరుకునేవారు. ప్రెసిడెంటుగారికి బతిమాలడం చేతకాదు. డిపోలో డ్రైవర్లకీ కండక్టర్లకీ విశ్రాంతి గది దగ్గర్నుంచి మంచినీళ్ల కుళాయి దాకా ఏది సాధించినా పదిమందిని వెంటేసుకునే సాధించారు. అందుకని జనం వైపు తిరిగి ఉపన్యాసం అందుకున్నారు. భార్య చొక్కా పట్టుకుని లాగింది.

"ముందు మీ అవసరం సంగతి చూసుకోండి. ఉపన్యాసం మధ్యాహ్నం ఎలాగూ ఉందిగా."

ఆయన వినిపించుకోలేదు. మోకాళ్ల నొప్పులున్న ఒక ముసలావిడ, అంత దూరం వెనక్కి తను నడవలేనంది. చంటిపిల్ల తల్లి ఔనంది. అంతవరకూ హాయిగా కునుకు తీస్తున్నవాళ్లకి కూడా, వినగా వినగా వెళ్లాలనిపించింది. నడవ నిండిపోయింది. గోల విని సిబ్బంది పెద్దావిడ పరుగున వచ్చింది. ఆయన రెండు కాళ్లూ మెలేసుకుని నిలబడ్డ తీరు చూసి, ఆయన చెవి దగ్గరికి వంగింది.

"మీ ఇబ్బంది అర్థమైందండి. మీరొక్కరూ వెళ్లొచ్చేయండి. నేను చూడనట్టే ఉంటాను."

డిపోలో మేనేజర్లు కూడా సరిగ్గా ఇలాగే, నాయకుణ్ణి ఒక్కణ్ణే గదిలోకి పిలిచి కుర్చీ వేసేవారు. ఆ కుర్చీలో ఆయన ఏనాడూ కూర్చోలేదు.

"నాకొక్కడికే వద్దు. ఇస్తే అందరికీ ఇవ్వండి" అన్నారు, అందరికీ వినబడేలా.

జనం చప్పట్లు కొట్టారు. భార్య తల కొట్టుకుంది. పెద్దావిడ పైలట్లతో మాట్లాడటానికి వెళ్లింది. ఆ కాసేపూ ఆయన పళ్లు బిగించి, కిటికీలోంచి మబ్బుల్ని చూడబోయి, వాటిలో నీళ్లుంటాయని గుర్తొచ్చి కళ్లు మూసుకున్నారు. చివరికి ఆవిడ తిరిగొచ్చి, తోసుకోకుండా ఒక్కొక్కరుగా వస్తానంటే తెర తీస్తామంది.

గెలిచారు. ఆడవాళ్లూ పెద్దవాళ్లూ ముందు, నాయకుడు ఆఖర్న అని ఆయనే ప్రకటించారు. డిపోలో ఎప్పుడూ పాటించే పద్ధతే అది. ఈలోగా భోజనాల బండి తప్పుకుంది. వెనక బారులు తీరినవాళ్లు కూడా ఉన్నపళంగా ముందుకొచ్చేశారు. వెళ్లొచ్చినవాళ్లు లోపలి సబ్బు ఘుమఘుమలాడుతోందని చెప్పడంతో, ఏ అవసరమూ లేనివాళ్లు చూసొద్దామని నిలబడ్డారు. గంతల పెద్దమనిషి కూడా నిద్రలేచి వచ్చాడు. జుట్టు ముగ్గుబుట్టలా ఉంది, పెద్దవాళ్ల లెక్కలోకే వస్తాడు. ప్రెసిడెంటుగారే పక్కకి జరిగి ఆయనకి చోటిచ్చారు.

ఇంతలో భార్య చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వెనకనుంచి వచ్చింది.

"అక్కడ నరపురుగు కూడా లేదండి. చప్పున వెళ్లి రండి."

"ఇంతమందిని కూడగట్టి, నేనే వెనక్కి వెళ్తే జనం ఏమనుకుంటారే?" అన్నారాయన, గొంతు తగ్గించి.

"జనం పనైపోయింది. మిగిలింది మీరే."

నిజానికి ఆయన ముందు ఇంకా ఇద్దరున్నారు. ఆ ఇద్దరి కోసం మొండిగా నిలబడ్డారు. అప్పుడు బెల్టుల దీపం వెలిగింది. అందరూ కూర్చోవాలని, ముందూ వెనకా గదులన్నీ మూసేస్తున్నామని చెప్పారు. మనుషుల్ని గాల్లో వేలాడదీసి తలుపులకి తాళాలు వెయ్యడం ఏం న్యాయమని అడుగుదామనుకున్నారు గానీ, నోరు తెరిస్తే పట్టు తప్పేలా ఉంది. కింద రన్‌వే ఖాళీ లేదని విమానం ఇంకో చుట్టు తిరిగింది.

ఎట్టకేలకి నేల తగిలింది. జనం లేచి ఆయన్ని చుట్టుముట్టారు. ముసలావిడ తల మీద చెయ్యి పెట్టి దీవించింది. ఎవరో రెండు ముక్కలు మాట్లాడమన్నారు. ఆయన నుదురంతా చెమట. సిబ్బంది పెద్దావిడ ఆ ముఖం చూసింది. అందర్నీ ఆగమని చేత్తో ఆపి, తెర కొంచెం పక్కకి లాగింది.

"మీరొక్కరే ముందు దిగుతారా సార్?"

ఈసారి ప్రెసిడెంటుగారు అందరి మాట ఎత్తలేదు.