అడగకూడని ఉపవాసం

ఆగస్టు నెల, రెండో సోమవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. బీదరులో ఉష్ణోగ్రత ఇరవై ఒక్క డిగ్రీలు. రాత్రంతా కురిసిన తుంపర అప్పుడే ఆగింది. కోట వైపు నుంచి తడిగాలి వీస్తోంది. వీధి వీధంతా దుప్పట్లలో ముడుచుకొని ఉన్న ఆ వేళ తబితా ఒక్కతే వరండాలో నిలబడి, పాత క్యాలెండరు అట్టతో మెడ దగ్గర విసురుకుంటోంది.

తబితాకు యాభై ఒకటో ఏడు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తుంది. పదో తరగతి పిల్లల ముందు నల్లబల్ల మీద గర్భాశయం బొమ్మ గీసి, భాగాలకు కన్నడంలో పేర్లు రాసి, ఎవడైనా కిసుక్కుమంటే వాణ్ణి లేపి అవే పేర్లు గట్టిగా చదివించే మనిషి. అటువంటి మనిషి, తనకు నెలసరి ఆగిపోయి ఏడాది కావస్తోందన్న సంగతిని ఇంట్లో భర్తకు గాని కోడలికి గాని చెప్పలేకపోయింది. బడిలో ఒకలాగా ఇంట్లో ఒకలాగా ఉండాలని ఆమె ఎన్నడూ నిర్ణయించుకోలేదు. ఆ నిర్ణయం నోరు తనంతట తాను తీసుకుంది.

ఏడాదిలో నడుము పెరిగింది. జాకెట్ల హుక్కులు అందడం మానేశాయి. ఇది ఈ వయసులో మామూలేనని, నడవమని, పప్పూ గుడ్లూ తగ్గించవద్దని, కళ్లు తిరగకుండా ఉంటే తినే వేళలను కాస్త కుదించి చూడవచ్చని డాక్టరమ్మ చెప్పింది. తబితా ఆ సోమవారం నుంచి పదకొండు గంటలకు ముందు ఏమీ తినకూడదని, రాత్రి ఏడు దాటితే వంటగదిలోకి వెళ్లకూడదని పథకం వేసుకుంది. పాలూ చక్కెరా కలిసిన టీ కూడా ఆమె లెక్కలో తిండే.

పథకంలో ఒకే ఒక చిక్కు ఉంది. అది కోడలు జెస్సికా పెట్టే టీ. కొడుకు ఎజ్రా మందుల కంపెనీ పని మీద వారంలో సగం రోజులు కలబురగి దారిలోనే ఉంటాడు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి, అంటే మూడేళ్లుగా, జెస్సికా తహసీలు కార్యాలయంలో తన కంప్యూటరు ముందు కూర్చోవడానికి బయలుదేరే ముందు, అత్తాకోడళ్లిద్దరూ వరండా మెట్ల మీద కూర్చొని ఖారీ బిస్కట్లు ముంచుకొని టీ తాగుతారు. ఆ మూడేళ్లలో జెస్సికాను "విశేషమేమైనా ఉందా" అని అడగని ఆడమనిషి చర్చి సంఘంలో లేదు, బస్సులో లేదు, కార్యాలయంలో లేదు. అడగనిది తబితా ఒక్కతే. ఆ టీ అంత రుచిగా ఉండటానికి కారణం అదేనని జెస్సికా ఒకసారి భర్తతో అంది.

ఆ ఉదయం రెండు కప్పులతో వచ్చిన కోడలికి తబితా చేయి అడ్డం పెట్టింది.

"నాకొద్దు బిడ్డా. కొన్ని దినాలు పదకొండు దాటేదాంక ఏం ముట్టను."

"పానం మంచిగ లేదా అత్తమ్మా?"

"మంచిగనే ఉంది. ఉత్తగనే."

జెస్సికా ఇంకేమీ అడగలేదు. తరువాత జరిగినదంతా ఆ అడగకపోవడం నుంచే పుట్టింది కనుక, దాని కారణం ఇక్కడ చెప్పవలసి ఉంది. వారి సంఘంలో ఉపవాస ప్రార్థన తాతల నాటి అలవాటు. మనసులో భారమున్న స్త్రీ పొద్దుటి తిండి మాని ప్రార్థనలో గడుపుతుంది. ఉపవాసమున్నట్టు పైకి తెలియనీయకూడదు. ముఖం కడుక్కొని, తలకు నూనె రాసుకొని మామూలుగా తిరగాలి. తెలిసినవారు కారణం అడగకూడదు. అడిగితే ప్రార్థన చెదిరిపోతుంది. ప్రశ్న రాకపోయేసరికి తబితా ఊపిరి పీల్చుకుంది. జెస్సికా రెండు కప్పులూ లోపలికి తీసుకుపోయింది.

మరునాడు పక్కింటి కృపమ్మ వేడి జొన్నరొట్టె, పుంటికూర పప్పు పట్టుకొని వచ్చింది. ఆమె సంఘంలో స్త్రీల సమాజానికి పెద్ద. తబితా రొట్టె ముట్టలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ రెండుసార్లు లేచి వెళ్లి ముఖం కడుక్కొని వచ్చింది. ఒంట్లో ఎగసిన ఆవిరికి ఆమెకు తెలిసిన విరుగుడు అదే. నడినెత్తి చల్లగా ఉంటుందని ఆ వారం నుంచి నూనె కూడా దండిగా రాస్తోంది.

కృపమ్మ ఆ ముఖం చూసింది, ఆ నూనె చూసింది, ముట్టని రొట్టె చూసింది. గొంతు తగ్గించింది.

"ఏం చెప్పకు తబితమ్మా. నేనేం అడగను."

"ఏం లేదక్కా, చెప్పనీకి."

"అదే. అట్లనే ఉండాలె. నీ ముఖంల తెలుస్తలేదు, బిల్కుల్ తెలుస్తలేదు."

ఆ రాత్రి కృపమ్మకు నిద్ర పట్టక కిటికీ తీస్తే, ఎదురుగా తబితా ఇనుప గేటుకు నుదురు ఆనించి కదలకుండా నిలబడి ఉంది. చల్లటి ఇనుము కోసం నిలబడిన మనిషి ఆ చీకట్లో అచ్చం ప్రార్థన చేస్తున్నట్టే కనిపించింది. ఆ వేళ కృపమ్మ ఎందుకు మేలుకొని ఉందన్నది అప్పటికి ఎవరూ ఆలోచించలేదు.

కృపమ్మ తోడు ఉపవాసం మొదలుపెట్టింది. ఎవరికీ చెప్పవద్దని ఇద్దరికి చెప్పింది. ఆదివారం నాటికి స్త్రీల సమాజంలో సగం మంది పొద్దుటి పూట పస్తు. దేనికోసమో ఎవరికీ తెలియదు. అడగకూడదు కనుక ఎవరికి వారు ఊహించుకోవాలి. ఊహించుకున్న ప్రతి మనిషికీ మొట్టమొదట తగిలింది తనే.

తబితా భర్త శాంతరాజుకు గాంధీ గంజ్ మార్కెట్టు పక్కన మోటారు వైండింగు దుకాణం ఉంది, ఒంట్లో షుగరు ఉంది, సాయంత్రం షట్టరు దించాక ఎవరికీ చెప్పకుండా తినే వేడి జిలేబీ ఉంది. భార్య తిండి మానిందంటే ఆ జిలేబీ సంగతి ఇంటికి చేరిందనే అతను నిశ్చయించుకున్నాడు. నేరుగా అడగడానికి వీల్లేదు కనుక చుట్టు తిరిగి అడిగాడు.

"ఏమే, నా మీద ఏమన్న కోపమా?"

"కోపమెందుకు?"

"ఉత్తగనే."

ఇంట్లో అందరూ ఉత్తగనే అంటున్నారని తబితా అనుకుంది. శాంతరాజు ఆ రోజు నుంచి జిలేబీ మానేశాడు. మిఠాయి దుకాణం కంటపడితే కాళ్లు ఆగుతాయని, బండి దుకాణంలోనే వదిలి, గంజ్ వెనక నుంచి చుట్టుదారిన నడిచి ఇంటికి రావడం మొదలుపెట్టాడు.

పాస్టరు నథానియేలు గారి ఊహ మరొకటి. పాస్టర్ల బదిలీల కాలం దగ్గర పడింది. ప్రసంగం కాస్త పొడుగవుతోందని కిందటి నెలలో ఆయన ముఖం మీద చెప్పిన మనిషి తబితా. ఇప్పుడామె ఉపవాసం దేనికో ఆయనకు వేరే చెప్పనక్కరలేకపోయింది. ఆ ఆదివారం ఆయన ప్రసంగం ఇరవై నిమిషాల్లో ముగించారు. జనం గడియారాలు చూసుకొని, ఒకరి ముఖం ఒకరు చూసుకొని, తబితమ్మ ప్రార్థనకు జవాబు వచ్చిందన్నారు. జవాబు వస్తున్న ఉపవాసంలో చేరకుండా ఎవరుంటారు? మిగిలిన సగం సమాజం కూడా చేరింది.

జెస్సికా మాత్రం ఏమీ ఊహించుకోలేదు. ఆమె కోసం ఆ పని కృపమ్మ చేసి పెట్టింది, గేటు దగ్గర, బస్సుకు వెళ్తున్న వేళ.

"అదృష్టవంతురాలివి బిడ్డా. నీ కడుపు పండాల్నని అన్నం మానేసే అత్త ఎవరికి దొరుకుతది?"

"అత్తమ్మ అట్ల అన్నదా?"

"అనదు. అంటే ఉపాసమెట్లయితది? మనమే సమజ్ చేసుకోవాలె."

జెస్సికా ఆ రోజంతా తహసీలు కార్యాలయంలో రైతుల పొలం పహణీలు తప్పుగా కొట్టింది. అందరూ అడిగినప్పుడు ఆమెకు కోపమే వచ్చేది, బాధ రాలేదు. అడగని ఒక్క మనిషి, తన వెనక దేవుణ్ణి అడుగుతోందని తెలిసినప్పుడు మాత్రం మనసు విరిగింది. సాయంత్రం ఇంటికి వచ్చి, అమ్మకు ఒంట్లో బాగాలేదని చెప్పి, రెండు చీరలు సర్దుకొని హుమ్నాబాద్ బస్సెక్కింది.

తబితా మరునాడు ఫోను చేసింది.

"అమ్మకెట్లుంది బిడ్డా?"

"గట్లనే ఉందత్తమ్మా. లేస్తలేదు."

వెనక నుంచి, లేవలేని ఆ తల్లి గొంతు గోడలు అదిరేటట్టు వినిపించింది. "జెస్సీ, కుక్కర్ దించు, పప్పు మాడుతాంది."

తబితా ఫోను పెట్టేసి వరండా మెట్ల మీద కూర్చుంది. కోడలు అబద్ధం చెప్పిందంటే తన వల్లనే ఏదో జరిగింది. టీ వద్దనడం అంత పెద్ద తప్పా? ఇంటికి కాపురానికి వచ్చిన పిల్ల చేతి కప్పును రోజూ తోసేస్తే ఆ పిల్ల ఏమనుకుంటుంది? ఆలోచిస్తున్న కొద్దీ పదకొండు దాటినా అన్నం సహించలేదు. ఆ మధ్యాహ్నం కూర ఇవ్వడానికి వచ్చిన కృపమ్మ మూత తీయని గిన్నెలు చూసి, ఉపవాసం ఒక పూట నుంచి పూర్తి రోజుకు పెరిగిందని గ్రహించింది. ఇక ఇది ఒక్క మనిషి మోయగల భారం కాదు. శనివారం ఉదయం తబితమ్మ ఇంట్లో ముగింపు కూడిక అని సంఘం ఫోను గ్రూపులో పెట్టింది. వద్దంటే తబితా కారణం చెప్పవలసి వచ్చేది, అందుకని ఊరుకుంది.

శనివారం పదింటికి హాలు నిండింది. చెప్పులు గేటు దాటి వీధిలోకి పాకాయి. స్త్రీలు చాప మీద, పాస్టరు గారు, శాంతరాజు మరి నలుగురు మగవాళ్లు వరండాలో కుర్చీల మీద. పాటలయ్యాయి. కృపమ్మ లేచి నిలబడి కళ్లు మూసుకుంది. సరిగ్గా అప్పుడే, మిగిలిన బట్టలు పట్టుకుపోదామని హుమ్నాబాద్ బస్సు దిగి వచ్చిన జెస్సికా, ఇంత జనాన్ని చూసి, వెనక దారిన వంటగది గుమ్మంలోకి వచ్చి ఆగింది.

"ప్రభువా, ఈ ఇంట్ల ఉయ్యాల ఊగాలె," అంది కృపమ్మ. "జెస్సికా కడుపు పండేదాంక మెతుకు ముట్టనని ఈ అత్త పట్టుబట్టింది తండ్రీ. ఆమె కన్నీళ్లు చూడు."

తబితా కళ్లు తెరిచింది. గుమ్మంలో ఖాళీ సంచితో జెస్సికా. టీ కప్పు మొదలు లేవలేని తల్లి దాకా, కారణానికి కారణం, అన్నీ ఆమెకు వరుసగా కనిపించాయి.

"అక్కా, ఆగు."

ఆ సంఘంలో కరెంటు పోయినా, వాన కురిసినా, ప్రార్థన మధ్యలో ఆగడమన్నది లేదు.

"ఇంక ఆమెన్ కాలేదు తబితమ్మా," అంది కృపమ్మ కళ్లు తెరవకుండానే.

"కాకున్నా ఆగు. నేను జెస్సికా కోసం ఉపాసం లేను."

కృపమ్మ కళ్లు తెరిచింది. "మరి దేనికున్నవ్?"

రెండు వారాల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. వరండాలో భర్త ఉన్నాడు, పాస్టరు గారు ఉన్నారు. తబితా వాళ్ల వైపు చూడలేదు. గుమ్మం వైపు చూస్తూ, పాఠం చెప్పే గొంతుతో మొదలుపెట్టింది.

"నాకు నెలసరి బందైంది. ఏడాదైతాంది. రాత్రైతే ఒళ్లంత కాల్తది. అందుకే మాటిమాటికి మొఖం కడుక్కుంట. గేటు సల్లగ ఉంటదని నెత్తి ఆనిస్త. నడుము పెరిగింది, హుక్కులు పడ్తలేవు. జర సన్నబడుదామని పొద్దుగాల తినుడు మానేసిన. గింతే. ఇందుల ప్రార్థన లేదు." ఆగి, ఊపిరి తీసుకుంది. "బిడ్డా, నిన్నే అడగని మాట నేను దేవుణ్ణి అడుగుతనా?"

గుమ్మంలో జెస్సికా సంచి కింద పెట్టింది.

వరండా నుంచి శాంతరాజు గొంతు వచ్చింది. "అంటే జిలేబీ సంగతి నీకు తెల్వదా?"

"ఏ జిలేబీ?"

శాంతరాజు కుర్చీలో కిందికి జారాడు. పాస్టరు గారు గొంతు సవరించుకున్నారు. "మరి నా ట్రాన్స్‌ఫర్ కోసం కూడా..."

"మీకు ట్రాన్స్‌ఫర్ అయిందా అయ్యగారూ?"

"లేదమ్మా, లేదు," అన్నారాయన తేలికపడి. మరుసటి ఆదివారం ప్రసంగం తిరిగి గంటకు చేరింది.

కృపమ్మ ఇంకా నిలబడే ఉంది. ఆమె ముఖంలో కోపం లేదు; ఏదో కూడిక తీసివేత జరుగుతోంది.

"రాత్రి కాలుడంటే, వీపు కాడ మొదలై మెడ మీదికి ఎక్కుతదా?"

"ఎక్కుతది."

"గుండె దడదడ కొట్టుకుంటదా?"

"ఔనక్కా."

కృపమ్మ మెల్లగా చాప మీద కూర్చుంది. "ఆరేండ్లాయె నాకు. సైతాను అనుకొని రోజూ లేచి గద్దిస్తున్న."

వెనక వరుసలో ఒకామె చెంగు నోటికి అడ్డం పెట్టుకొని, తనకు ఫ్యాను ఖరాబైందని అనిపించి మూడుసార్లు వైండింగు చేయించానంది. మోటారు మంచిగనే ఉందని తాను అప్పుడే చెప్పానని శాంతరాజు వరండా నుంచి అన్నాడు. ఆ తరువాత ఎవరి మాటా ఎవరికీ వినిపించలేదు. మగవాళ్లు ఎవరూ చెప్పకుండానే కుర్చీలు ఎత్తుకొని గేటు అవతలికి వెళ్లిపోయారు. తబితా పాత క్యాలెండరు అట్ట వెనక్కి తిప్పి, పెన్ను తీసుకొని బొమ్మ గీయడం మొదలుపెట్టింది. ఈసారి పేర్లు తెలుగులో రాసింది.

బొమ్మ సగంలో ఉండగా పక్కన ఎవరో కూర్చున్నట్టయింది.

"అత్తమ్మా, పదకొండు దాటింది. టీ పెట్టాల్నా?"

"పెట్టు బిడ్డా. మీ అమ్మ లేచిందా?"

"పప్పు మాడేసరికి లేచింది," అంది జెస్సికా.

ఇది జరిగి అయిదేళ్లయింది. ఆడవాళ్లు ఒంటి సంగతులు చెప్పుకొనే ఆ కూడిక ఇప్పటికీ నెలకొకసారి జరుగుతుంది. అత్తాకోడళ్లు ఇప్పుడు టీ పదకొండుకు తాగుతారు, సెలవు రోజుల్లో. మిగతా రోజుల్లో తబితా ఆరింటికే తాగేసి, పథకాన్ని మరునాటికి వాయిదా వేస్తుంది. జెస్సికాను ఆ ఇంట్లో ఎవరూ ఏమీ అడగలేదు. ఆ ఉపవాసం వల్ల తొమ్మిది కిలోలు తగ్గినది శాంతరాజు.