కోరజాయి అమ్మవారికి పంపిన చీర

ఆ ఏడు పంద్రాగస్టు శ్రావణ శుక్రవారం నాడు పడింది. ఆఫీసు సెలవు. పుణేలో వారం రోజులుగా ఒకటే ముసురు. శ్రీధర ఖాంబేటే ఆ రోజుకి పెట్టుకున్న కార్యక్రమం ఒక్కటే: ముసుగుతన్ని మధ్యాహ్నం దాకా పడుకోవడం. యాభైకి చేరువవుతున్న మనిషికి ముసురులో నిద్రని మించిన భాగ్యం లేదు. కానీ దేనికైనా రాసిపెట్టి ఉండాలి కదా.

తెల్లవారగానే భార్య సులభ దుప్పటి లాగేసింది.

"లేవండి. కింద బాపూ గారు హారన్ కొడుతున్నారు."

"వర్షంలో కొండెక్కడం వాడికి పిచ్చి. నాకెందుకే?"

"వాళ్లు వెళ్లేది అమ్మవారుండే కొండకోట, కోరజాయి గడ్‌కి. మూడేళ్లయింది మొక్కుకుని. నా మోకాళ్లు బాగుంటే మిమ్మల్ని బతిమాలేదాన్నా?"

మూడేళ్ల కిందట ఖాంబేటే కిడ్నీలో రాయి తీస్తుంటే, ఆపరేషన్ గది బయట కూర్చుని ఆవిడ మొక్కిన మొక్కు అది. ఆనాటి నుంచి ఇంట్లో కుక్కర్ పేలినా, కొళాయి కారినా, అతను తుమ్మినా కారణం ఒకటే: మొక్కు తీర్చలేదు. ఈ ఒక్కరోజు కాళ్లీడ్చుకుంటూ వెళ్లొస్తే ఈ పోరు వదులుతుంది, మిగిలిన సెలవులైనా పడుకోవచ్చు అనుకుని లేచాడు.

సులభ మూట చేతికిచ్చింది. అందులో ఎర్రంచు మీద నెమళ్లు నేసిన ఆకుపచ్చ తొమ్మిది గజాల చీర, రవికెగుడ్డ, కొబ్బరికాయ, ఒడిబియ్యం ఉన్నాయి. "అమ్మవారి ఒడిలో పడేదాకా మూట నేల తాకకూడదు. తాకిందా, మొక్కు మళ్లీ మొదటికొస్తుంది" అంది.

కారులో బాపూ దామ్లే, వసంత ఆఢావ్ ఉన్నారు. ముగ్గురిదీ బడినాటి స్నేహం. వానాకాలంలో కొండలన్నీ తన తాతగారి పెరడే అన్నట్టు తిరుగుతాడు దామ్లే. ఆఢావ్ నూటపది కిలోల మనిషి. కొండమీద దొరికే వేడి వేడి ఉల్లి పకోడీల కోసం తప్ప మరి దేనికీ కదలడు.

మూట నేల తాకకూడదంటే ఏమిటో కొండ మొదట్లోనే తెలిసొచ్చింది. బూటు లేసు కట్టుకోవాలన్నా, ముక్కు చీదుకోవాలన్నా దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టాలి. ఒకడి చేతిలోంచి ఒకడి చేతిలోకి, చంటిపిల్లని మార్చుకున్నట్టు మార్చుకుంటూ సగం దూరం ఎక్కారు. ఖాంబేటే మోకాళ్లు కూడా సులభ మోకాళ్ల భాషే మాట్లాడడం మొదలుపెట్టాయి.

"ఇటు అడ్డదారి ఉంది. నేను కళ్లు మూసుకుని వెళ్తాను" అన్నాడు దామ్లే.

"నువ్వు కళ్లు తెరుచుకుని ఎప్పుడెళ్లావురా?" అని గొణిగి, నడిచే ఓపికే తప్ప వాదించే ఓపిక లేక ఖాంబేటే వెనకే నడిచాడు.

ఆ అడ్డదారిలోనే ఆఢావ్ కాలు జారింది. కేక కూడా పూర్తి కాకుండానే పక్కనున్న వాగుగండిలోకి సర్రున జారి, నడుముదాకా బురదలో కూరుకుపోయాడు. పైనుంచి వాన నీళ్లు అతని నెత్తి మీదే పడుతున్నాయి.

"ఒరేయ్, నీళ్లు పెరుగుతున్నాయిరా! తాడెయ్యండి!"

దామ్లే సంచీ బోర్లించాడు. ఈల, దిక్సూచి, మరమరాలు, చింతపండు చట్నీ బయటపడ్డాయి. తాడు తప్ప అన్నీ ఉన్నాయి.

దామ్లే చూపు నెమ్మదిగా మూట మీదికి వెళ్లింది.

"వద్దు" అన్నాడు ఖాంబేటే. "ఆ ఆలోచనే వద్దు."

"తొమ్మిది గజాలురా!"

"మొక్కురా! ఇంటికెళ్లి నేనేం చెప్పాలి?"

కింద నుంచి ఆఢావ్ అరిచాడు. "నా పెళ్లానికి ఏం చెబుతావో అది కూడా ఆలోచించుకోరా!"

ఖాంబేటే కళ్లు మూసుకుని, "తల్లీ, క్షమించు" అనుకుంటూ ముడి విప్పాడు. కొబ్బరికాయ నేలమీద పెట్టకూడదు కనక రెయిన్‌కోటు టోపీలో వేసుకున్నాడు. చీర కొస కిందికి వదిలితే ఆఢావ్ చంకల కింద చుట్టుకున్నాడు, వీళ్లిద్దరూ పళ్లు బిగించి లాగారు. మొదట కొబ్బరికాయ టోపీలోంచి ఎగిరి లోయలోకి పోయింది. తరవాత ఒడిబియ్యం వానలో కలిసింది. ఆఖరికి ఆఢావ్ పైకొచ్చాడు. అతని ప్యాంటు రాలేదు. సగానికి చిరిగి గండిలోనే ఉండిపోయింది.

ఆఢావ్ మారుమాట లేకుండా చీరని మరాఠా ఆడవాళ్ల కాసెకట్టులో బిగించి, కొంగు భుజం మీద వేసుకున్నాడు.

"విప్పరా!" అన్నాడు ఖాంబేటే, ఏడుపు ఒక్కటే తక్కువగా.

"విప్పితే అమ్మవారు మొహం తిప్పుకుంటుంది. నీకు పరవాలేదా?"

పైకి చేరేసరికి గుడి ముందు డోలు మోగుతోంది. శ్రావణ శుక్రవారం కదా, కింది ఊళ్ల ఆడవాళ్లు గుంపుగా వచ్చారు. మంచు తెరలోంచి మొహం నిండా ఎర్రమట్టితో, ఆకుపచ్చ చీరలో, చలికి గజగజ వణుకుతూ ఒక భారీ ఆకారం నడిచి రావడం చూశారు. చీర కట్టుకుని అమ్మవారి సేవ చేసే మగవాళ్లు, జోగతలు, ఆ వైపు కొత్త కాదు. డోలు ఊపందుకుంది.

"అమ్మ పూనింది! చూడండే, ఒళ్లెలా కదిలిపోతోందో!" అంది ఒక ముసలావిడ.

"అమ్మా కాదు, గిమ్మా కాదు. చలి వేస్తోంది తల్లీ" అనబోయాడు ఆఢావ్. పళ్లు కొట్టుకుంటుంటే ఒక్క ముక్కా బయటికి రాలేదు.

ఆడవాళ్లు కాళ్లు కడిగారు, బొట్టు పెట్టారు, ఒడిలో బియ్యం పోశారు, కొబ్బరికాయలు పెట్టారు. ఆ బరువుతో ఆఢావ్ కదల్లేకపోయాడు. పకోడీల బండి నాలుగడుగుల దూరంలోనే ఉంది. పూనకంలో ఉన్నవాళ్లకి ఉల్లిపాయ పెట్టకూడదని అతని చేతికి ఎవరూ అందనివ్వలేదు. దామ్లే మాత్రం అతని ఎదురుగా నిలబడి రెండు పళ్లేలు తిన్నాడు.

ఖాంబేటే పూజారి దగ్గరికి వెళ్లి చేతులు నలుపుకున్నాడు. "అయ్యా, మా మొక్కు చీర ఒకటుంది. కానీ... అందులో మనిషున్నాడు."

పూజారి ఆఢావ్ వంకా, ఖాంబేటే వంకా ఒకసారి చూశాడు. పొద్దుటి నుంచి వాన, డోలు, జనం. ఆయనా అలిసిపోయి ఉన్నాడు. "చీర అమ్మకి చేరాలి, అంతేగా? మనిషితో సహా లోపలికి తీసుకురా" అన్నాడు. కొంగు చివర అమ్మవారి పాదాలకి తాకించి, ఆఢావ్ ఒడిలోంచే ఒక కొబ్బరికాయ తీసి కొట్టి, "తీరింది, వెళ్లండి" అన్నాడు. చుట్టూ ఫోన్లు మెరిశాయి.

తీరింది! దిగేటప్పుడు ఖాంబేటేకి ఆ మాట తప్ప మోకాళ్ల నొప్పి కూడా వినిపించలేదు. ఆఢావ్ ఆ చీరతోనే ఇంటికి పోయాడు, ఆ సంగతి సులభకి ఈ జన్మలో చెప్పేది లేదని ముగ్గురూ ఒట్టు వేసుకున్నారు.

సాయంత్రం తలుపు తీసేసరికి సులభ కళ్లు తడిగా ఉన్నాయి. చేతిలో ఫోను.

"మహిళా మండలి గ్రూపులో వచ్చింది. చూడండి."

ఆఢావ్ నిలువెత్తు ఫోటో.

"గుర్తుపట్టారా?"

"సులభా, నేను చెప్పేది కాస్త..."

"చీరండీ! మన నెమళ్ల అంచు! మనం పంపిన చీర అమ్మ ఇలా పుచ్చుకుని, అలా తన బిడ్డకి కట్టబెట్టింది. ఆ మొహంలో కళ చూడండి! మన ఆఢావ్ గారూ ఉన్నారు, మొహాన కళా లేదు, కాంతీ లేదు."

సులభ కొంగుతో కళ్లద్దుకుంది.

"మీకు కడుపులో కాస్త నొప్పి అంటే చాలు, మూడేళ్లుగా నాకు రాత్రంతా కునుకుండేది కాదు. నా మొక్కు బాకీ ఉండిపోయి మీకేమైనా అవుతుందేమోనని భయపడి చచ్చాను. ఇవాళ హాయిగా పడుకుంటాను."

నిజం ఖాంబేటే గొంతుదాకా వచ్చింది. ఆవిడ మొహం చూసి వెనక్కి మింగేశాడు. నిజం చెప్పి ఆ నిద్ర చెడగొట్టడానికి అతనికి మనసు రాలేదు.

"అందుకే ఫోటో చూడగానే ఇంకో మొక్కు మొక్కేశానండీ" అంది సులభ. "ప్రతి ఏడూ శ్రావణ శుక్రవారం మీరే కాలినడకన వెళ్లి అమ్మకి చీర పెట్టాలి. మీకు ఓపికున్నన్నాళ్లూ."

బయట వాన ఇంకా పడుతూనే ఉంది.

"సరే" అన్నాడు ఖాంబేటే. "వచ్చే ఏడు కాస్త గట్టి నేత చీర చూసి కొను."