పులిమొహం కార్డు

ఆ రోజుకు బొమ్మలాయన వేసుకున్న పథకంలో కష్టపడాల్సింది ఏమీ లేదు. పొద్దున్నే కాఫీ తాగి కంప్యూటరు ముందు కూర్చుని ఒక్క బటన్ నొక్కాలి. మధ్యాహ్నానికి సినిమా దానంతటదే తయారవుతుంది. ఈలోగా తీరిగ్గా గడ్డం గీసుకుని, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకోవాలి. సాయంత్రం దాన్ని తీసుకెళ్ళి గ్రంథాలయ సంఘం వాళ్ళకి చూపించాలి. అంతే.

ఇంకా కట్టని భవనాలను కట్టేసినట్టు చూపించడం ఆయన పని. గుమ్మంలోంచి మనమే నడిచి వెళ్తున్నట్టు, కిటికీలోంచి ఎండ వచ్చి నేలమీద పడుతున్నట్టు కంప్యూటరులో చేసిపెడతాడు. అందుకే వీధిలో అందరికీ ఆయన బొమ్మలాయన. ఉద్యోగం మానేసి సొంతంగా మొదలుపెట్టాక ఆయనకు దొరికిన మొదటి పెద్ద పని ఈ గ్రంథాలయం. ఇది నచ్చితే సంఘం వాళ్ళు కట్టబోయే మిగతా భవనాలూ ఆయనవే. నచ్చకపోయినా, వేళకు అందకపోయినా, మామగారి టైల్స్ కొట్లో కౌంటరు వెనక ఒక కుర్చీ ఉంది.

ఆ కుర్చీ సంగతి కొంచెం చెప్పాలి. మామగారు మంచివాడు. కోప్పడడు, ఎత్తిపొడవడు. గ్రంథాలయం పని దాకా చూద్దాం, కుదరకపోతే నా దగ్గరికి వచ్చెయ్యండి అని మాత్రం అన్నాడు. అల్లుడు సరేనన్నాడు. ఆ మర్నాడే మామగారు కుర్చీకి కొత్త మెత్త కుట్టించాడు. అప్పటినుంచి ఎక్కడ ఎదురుపడినా ఆ మెత్త ఎంత మెత్తగా ఉందో చెబుతాడు. కోప్పడే మామగారినైతే ఎదిరించవచ్చు, మెత్త కుట్టించిన మామగారిని ఏం చేస్తాం?

బొమ్మలాయన బటన్ నొక్కాడు. కాసేపు అంతా సవ్యంగానే నడిచింది. తర్వాత కంప్యూటరు పెట్టెలోంచి గొంతు పూడుకుపోయినవాడు ఈల వెయ్యబోయినట్టు ఓ చప్పుడు మొదలైంది.

బొమ్మలు గీసే బరువంతా మోసేది గ్రాఫిక్స్ కార్డు. ఇది కొత్తది. ఇటుకంత లావు, మూడు ఫ్యాన్లు, అంచుల వెంట రంగుదీపాలు, పైన నోరు తెరుచుకున్న పులిమొహం. మంచుగడ్డలా చల్లగా ఉంటుందని అట్టపెట్టె మీద నాలుగు పక్కలా రాశారు. లోపలి వ్యవహారం వేరు. గాలి బయటికి పోవాల్సిన చోటు సరిగ్గా చూసి అక్కడే ఆ పులిమొహం అంటించారు. ఫ్యాన్లు మూడూ ప్రాణం పెట్టి తిరిగి, గాలిని తీసుకెళ్ళి పులిమొహానికి కొట్టి, అదే వేడిగాలిని మళ్ళీ తామే పీల్చుకుంటాయి. బిగించిన స్క్రూల్లో సగం తిప్పినకొద్దీ తిరుగుతాయే గాని బిగుసుకోవు. పైగా దాని బరువు అదే ఆపుకోలేక ఒక కొస కిందికి వాలిపోతుంది. బస్సులో నిద్రపోయేవాడి తలకు భుజం ఆనించినట్టు దాని కింద ఆయన ఒక టైలు ముక్క నిలబెట్టాడు. అది మామగారి కొట్లో నమూనాకి పెట్టిన ముక్క. ఆ సంగతి మామగారికి తెలియదు.

ఈల కేకయింది, కేక ఆగింది. తెర నల్లబడింది. వేడి తట్టుకోలేక కంప్యూటరు తనంతట తానే పడుకుంది. అయిన వరకు సినిమా పదిలంగానే ఉంటుంది, మళ్ళీ లేపితే ఆగిన చోటినుంచి మొదలవుతుంది. కాని లేపినప్పుడల్లా అది నాలుగు అడుగులు వేసి మళ్ళీ పడుకోవడం మొదలుపెట్టింది. ఈ లెక్కన సినిమా సాయంత్రానికి కాదు, గ్రంథాలయం కట్టడం పూర్తయ్యేసరికి అవుతుంది.

పెట్టె పక్కరేకు ఊడదీశాడు. టేబుల్ ఫ్యాను తెచ్చి ఎదురుగా పెట్టాడు. ఆ గాలికి టైలు ముక్క పడింది, కార్డు వాలింది, ఫ్యాను రెక్క ఒకటి వైరుకి తగిలి టకటకమంది. ఆయన దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని విసనకర్రలా అట్టపెట్టె మూత ఊపుతూ ఉండగా భార్య బయటికి వెళ్ళడానికి తయారై వచ్చింది. ఆవిడ కారు నడపడం నేర్పుతుంది. ఎదుటివాడు గోడ మీదికి పోతున్నా గొంతు పెంచని మనిషి.

"బండి వేడెక్కితే ఏం చేస్తామండీ? చల్లటి చోట పెట్టి ఆగుతాం. అట్టలు ఊపం," అని చెప్పి తాళాలు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ మాట ఆయన బుర్రలో నాటుకుంది. ఇంట్లో చల్లటి చోటు ఏదా అని చూస్తే ఫ్రిజ్ ఒక్కటే కనిపించింది. అందులో ఉన్నవన్నీ తీసి నేలమీద పెట్టాడు, అరలు లాగేశాడు, పాలగిన్నె కిటికీలో పెట్టాడు. తీరా చూస్తే కంప్యూటరు పట్టదు. నిలువుగా పట్టదు, అడ్డంగా పట్టదు. ఖాళీ ఫ్రిజ్‌లోంచి చల్లటిగాలి మొహానికి కొడుతూ ఉంటే అప్పుడు గుర్తొచ్చింది, కింద అంతస్తులో పూలకొట్టు ఉంది. పూలకొట్టుకి వెనకాల కూలింగు గది ఉంది.

పూలకొట్టాయన పూలను తప్ప ఇంక దేన్నీ నమ్మడు. మర్నాడు పొద్దున ఒక పెద్ద హోటలుకి తెల్ల లిల్లీలు ఇవ్వాలి, అవన్నీ ఆ గదిలోనే బకెట్లలో ఉన్నాయి. మూడుసార్లు కాదని, నాలుగోసారి బొమ్మలాయన మొహం చూసి మెత్తబడ్డాడు. ఆయనకి హోటలుకి వెళ్ళి బల్లలు కొలుచుకొచ్చే పని ఉంది.

"ఒక మూల పెట్టుకో మాస్టారూ. తలుపు మాటిమాటికీ తియ్యకు. నా లిల్లీల జోలికి పోకు," అన్నాడు.

బొమ్మలాయన కంప్యూటరును దుప్పట్లో చుట్టి చంటిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు ఆనించుకుని మెట్లు దిగాడు. సరిగ్గా అప్పుడే ఎదురు వరుసలో ఉన్న టైల్స్ కొట్లోంచి మామగారు చూశాడు. దుప్పటి కిందినుంచి వైర్లు వేలాడుతున్నాయి. అల్లుడు తల వంచుకుని ఉన్నాడు. తల వంచుకున్నది మెట్లు కనబడక. మామగారు మాత్రం, అయిపోయింది, మిషను అమ్మేస్తున్నాడు అనుకున్నాడు. ఎదురెళ్ళి అడిగితే చిన్నబుచ్చుకుంటాడని కొట్లోకి జరిగి, చాటుగా కూతురికి ఫోన్ చేశాడు.

"అల్లుడుగారు మిషను అమ్మేశారమ్మా. నువ్వేం అడక్కు. మెత్త వేసే ఉంది," అన్నాడు.

నేర్చుకునే ఆవిడ స్టీరింగు పట్టుకుని ఉండగానే భార్య తనవైపు ఉన్న బ్రేకు తొక్కింది.

ఆవిడ ఇంటికి వచ్చి చూసేసరికి తలుపు తీసి ఉంది. ఫ్రిజ్ నోరు తెరుచుకుని ఉంది. దాని కడుపులోవన్నీ నేలమీద ఉన్నాయి. పాలగిన్నె కిటికీలో ఉంది. బల్ల మీద కంప్యూటరు లేదు. ఫోన్ చేస్తే ఆ బల్ల మీదే మోగింది. కంప్యూటరు అమ్ముకున్నవాడు ఫ్రిజ్ కూడా అమ్మడానికి సిద్ధం చేసి వెళ్ళాడని ఆవిడకి అర్థమైంది. ఇస్త్రీ చొక్కా కొక్కేనికే వేలాడుతోంది. దాన్ని చూశాక ఆవిడ కూడా గొంతు పెంచింది. తండ్రిని పిలిచింది. తండ్రీకూతుళ్ళు ఇద్దరూ వీధిలో ఆ కొస నుంచి ఈ కొస దాకా వెతకడం మొదలుపెట్టారు.

ఆ సమయానికి బొమ్మలాయన జీవితంలో ఎన్నడూ లేనంత హాయిగా ఉన్నాడు. తెర కూడా కిందికి తెచ్చుకుని, పడిపోయిన టైలు ముక్కను మళ్ళీ కార్డు కింద నిలబెట్టాడు. భార్య శాలువా తలమీదుగా కప్పుకుని, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని తెర చూస్తున్నాడు. తలుపు పక్క మూల చిన్నదైపోవడంతో గదిలో కొంచెం సర్దాల్సి వచ్చింది. వెనక గోడ దగ్గర చోటు చాలక లిల్లీల బకెట్లను కంప్యూటరు చుట్టూ చేర్చి, అలంకారానికి పెట్టే ఆకుల కట్టలను వెనక్కి తోశాడు. జోలికి పోవద్దన్న మాట గుర్తుంది, కాని జరపడం జోలికి పోవడం కిందికి రాదనుకున్నాడు. కార్డు ఈల మానేసింది. వేడి చూపించే అంకె దిగివచ్చి ఒకచోట బుద్ధిగా కూర్చుంది. తెర మీద గ్రంథాలయం మెట్లు, తర్వాత తలుపులు, తర్వాత పుస్తకాల అరలు ఒక్కొక్కటే వస్తున్నాయి. ఆయన కాలివేళ్ళు తిమ్మిరెక్కాయి. అయినా ఆ మూలనుంచి కదలబుద్ధి కాలేదు.

వెతికి వెతికి భార్యా మామగారూ పూలకొట్టు ముందుకి వచ్చేసరికి పూలకొట్టాయన కూడా హోటలునుంచి తిరిగొచ్చాడు. మా ఆయన్ని చూశారా అని అడిగితే, చూడకేం, కూలింగు గదిలో పెట్టి వెళ్ళాను అన్నాడు. ముగ్గురూ వెనక్కి పరిగెత్తి తలుపు లాగారు.

శాలువా కప్పుకున్న మనిషి లిల్లీల మధ్య కదలకుండా కూర్చుని ఉన్నాడు. మామగారు గుమ్మం పట్టుకున్నాడు. అప్పుడా మనిషి తుమ్మాడు.

పూలకొట్టాయన చూసింది మనిషిని కాదు. తలుపు తియ్యగానే ఆయన మొహానికి వెచ్చటి గాలి కొట్టింది. పులి తన వేడంతా తీసి లిల్లీల మీదికి ఊదుతోంది.

"మాస్టారూ, నేను నీకు గది ఇచ్చాను గాని పొయ్యి పెట్టుకోమనలేదు," అంటూ వచ్చి ప్లగ్గు పట్టుకున్నాడు.

సినిమా చివరి గదిలో ఉంది. పిల్లలు చదువుకునే గది. ఎండ ఇంకా నేలమీద పడాలి. బొమ్మలాయన పెదవులు చలికి గడ్డకట్టి ఉన్నాయి. ప్లగ్గు వైపు చెయ్యి చాపి ఉండిపోయాడు. భార్య వెళ్ళి పూలకొట్టాయన మణికట్టు పట్టుకుని, రోజూ పదిమందికి చెప్పే గొంతుతోనే చెప్పింది.

"మెల్లిగా. కంగారు పడకండి. చెయ్యి తీసెయ్యండి. ముందు మీ పూలు పక్కకి తీసుకోండి. తర్వాత దీని సంగతి చూద్దాం."

ఆ గొంతుకి ఎంతోమంది గోడల ముందు ఆగారు. పూలకొట్టాయన కూడా ఆగాడు. గొణుక్కుంటూ, లిల్లీలను వెనక గోడ దగ్గర చల్లగా పెడదామని అక్కడున్న ఆకుల కట్టను ఎత్తాడు. అది ఆయన చేతిలోనే పగిలిన గాజులా పెళుసుగా విరిగింది. ఇంకో కట్ట ఎత్తాడు. అదీ అంతే. వెనక గోడ నిండా తెల్లగా మంచు పేరుకుని ఉంది. అక్కడి బకెట్లలో నీళ్ళు రాయిలా బిగుసుకున్నాయి. కూలింగు ఎంతవరకు చాలో చూసుకుని యంత్రాన్ని ఆపాల్సిన మీట ఆపడం మానేసింది, గది గడ్డకట్టిపోతోంది. పొద్దున గది తలుపు అద్దం మీద మంచు కనిపిస్తే తుడిచేసి ఊరుకున్న సంగతి ఆయనకి ఇప్పుడు గుర్తొచ్చింది.

పూలకొట్టాయన వెనక్కి తిరిగి లిల్లీల దగ్గర కూర్చుని ఒక్కొక్క మొగ్గనూ వేలితో తడిమి చూశాడు. కంప్యూటరు చుట్టూ ఉన్నవి ఒక్కటి పోలేదు. తర్వాత తను ఇందాక పట్టుకున్న ప్లగ్గును ఇంకొంచెం లోపలికి నొక్కాడు.

"దీన్ని ఆపకు మాస్టారూ," అన్నాడు.

అదే సమయానికి పిల్లల గదిలో నేలమీద ఎండ పడింది. సినిమా అయిపోయింది. బొమ్మలాయన దాన్ని పెన్‌డ్రైవులోకి ఎక్కించుకున్నాడు. కూలింగు బాగుచేసే మెకానిక్కు వచ్చేదాకా గది వెచ్చగా ఉండాలి కాబట్టి, అదే సినిమాను మొదటినుంచి మళ్ళీ చెయ్యమని పులికి పురమాయించాడు. ఈసారి ఎందుకు చేస్తోందో దానికి తెలియదు గాని కష్టపడి చేసింది.

మామగారు ఇంకా కంప్యూటరు ముందే వంగి ఉన్నాడు.

"అల్లుడుగారూ, ఈ ముక్క మా కొట్లోది కదూ?"

దాచి లాభం లేదు. "అవును మామయ్యగారూ. అది లేకపోతే కార్డు నిలబడదు," అన్నాడు బొమ్మలాయన.

మామగారు ఆ ముక్కనీ, దాని మీద తల ఆనించుకున్న కార్డునీ మార్చి మార్చి చూశాడు. ఆయన మొహంలో ఏదో సర్దుకుంది. మీ పని నిలబెట్టడానికి మాదీ ఒక చెయ్యి ఉందన్నమాట అని తనలో తనే అనుకున్నట్టు అని, ఇక ఆ కుర్చీలో తనే కూర్చుంటానని, ఈ మధ్య నడుం కూడా లాగుతోందని చెప్పాడు. ఆ మాట చెప్పాక ఆయనకూ హాయిగా ఉన్నట్టే కనిపించింది. అల్లుడు పక్కన కూర్చుంటే రోజంతా ఏం మాట్లాడాలా అని ఆయనా బెంగపడుతున్నాడేమో ఎవరికి తెలుసు.

గడ్డం గీసుకోకుండానే, ఇస్త్రీ చొక్కా మీద శాలువాతోనే బొమ్మలాయన సంఘం వాళ్ళ ముందుకి వెళ్ళాడు. భార్యే కారులో దింపింది. పిల్లల గదిలో ఎండ వాళ్ళకి బాగా నచ్చింది. ఆ తర్వాతి భవనం కాగితాలు కూడా అప్పుడే ఆయన చేతిలో పెట్టారు. తిరిగొచ్చి ఇంటి దగ్గర దిగాక ఆవిడ, ఫ్రిజ్ సర్దాలి అంది.

కార్డు గురించి బొమ్మలాయన కంపెనీకి పెద్ద ఫిర్యాదు రాశాడు. పులిమొహం సంగతీ, స్క్రూల సంగతీ ఏదీ దాచలేదు. వాళ్ళు తప్పు ఒప్పుకుని వేరే రకం కార్డు పంపిస్తామన్నారు. అది తెలిసి పూలకొట్టాయన మెట్లెక్కి వచ్చి, చలికాలం వస్తోంది, ఆ పాతది పారేసేటట్టయితే ముందు తనకి చెప్పమని అడిగి వెళ్ళాడు.

ఆ కార్డు పుట్టి బుద్ధెరిగాక దానికి దక్కిన మొదటి మెచ్చుకోలు అదే.